పసిబిడ్డ మెదడు మీద మందులు, దెబ్బల ప్రభావం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్‌ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) గుమ్మం బయట నిలబడ్డ తండ్రి అడిగేవీ, బాలింత పక్కన కూర్చున్న అమ్మమ్మ అడిగేవీ దాదాపు ఒకే ప్రశ్నలు. మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టే వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. పసిబిడ్డ మెదడంటే పెద్దవాళ్ల మెదడుకి చిన్న నమూనా కాదు. పెద్దవాళ్లని హాయిగా నిద్రపుచ్చే మందు పసిమెదడులో కణాల్ని చంపొచ్చు. అలాగని భయపడి మందు మానేస్తే అంతకంటే పెద్ద దెబ్బ తగలొచ్చు. ఏ మందు, ఎంత, ఎప్పుడు, ఎన్ని రోజులు అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

## కడుపులో ఉన్నప్పుడు

నాకు ఫిట్స్ ఉన్నాయి, ఇప్పుడు మూడో నెల. మాత్రలు ఆపేస్తే బిడ్డకి మంచిదా?

మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపొద్దు. తల్లికి పెద్ద ఫిట్ వస్తే కడుపులో బిడ్డకి ప్రాణవాయువు తగ్గుతుంది, పడిపోతే దెబ్బ తగులుతుంది. వేసుకునేది వాల్‌ప్రోయేట్ అయితే మాత్రం ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుని కలవండి. కడుపులో ఉండగా ఈ మందు తగిలిన పిల్లల్లో సుమారు 10 శాతం మందికి అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతం మందికి మాటలు, నేర్చుకోవడం, తెలివితేటల్లో ఇబ్బందులు కనిపించాయి. డోసు పెరిగేకొద్దీ ముప్పూ పెరుగుతుంది. లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్‌లతో ఈ ముప్పు బాగా తక్కువ. అయితే మందు మార్చడానికి సరైన సమయం గర్భం రాకముందు. పెళ్లి కుదిరిన రోజే డాక్టరుతో ఈ మాట మాట్లాడి ఉంటే ఎంతో మేలు. మన ఇళ్లలో ఫిట్స్ సంగతి దాచిపెట్టడం వల్ల జరిగే నష్టం బిడ్డ మీద పడుతోంది.

కల్లు ఒంటికి చలవ కదా, గర్భిణి కొంచెం తాగితే ఏమవుతుంది?

కల్లులోనూ ఆల్కహాలే ఉంటుంది. అది మావిని దాటి నేరుగా బిడ్డ మెదడుకి చేరుతుంది. ఇంత తాగితే ఫరవాలేదని చెప్పగల కొలత గర్భంలో ఏదీ లేదు. తెలంగాణలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. కల్తీ కల్లులో ఆల్ప్రజోలామ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ అలాంటి కల్లు తాగిన తల్లికి పుట్టిన బిడ్డ వేలాడిపోతూ, పాలు తాగకుండా మగతగా ఉండొచ్చు. కొన్ని రోజులయ్యాక వణుకు, ఆగని ఏడుపు మొదలవ్వొచ్చు. అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే తల్లికే ఫిట్స్ వస్తాయి కాబట్టి డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. కాన్పుకి వెళ్లినప్పుడు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. బిడ్డకి ఏ వైద్యం చేయాలన్నది ఆ ఒక్క మాటతో మారిపోతుంది.

నెలలు నిండకుండానే కాన్పు అయ్యేలా ఉందని స్టెరాయిడ్, మెగ్నీషియం ఇంజక్షన్లు పెట్టారు. బిడ్డ మెదడుకి హాని కాదా?

కాదు. ఈ రెండూ బిడ్డని కాపాడటానికి ఇచ్చేవే. డెక్సామెథాసోన్ 6 మి.గ్రా. చొప్పున 12 గంటలకొకటి, మొత్తం నాలుగు ఇంజక్షన్లు ఇస్తారు. దాంతో ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయి, మెదడులో రక్తస్రావం కూడా తగ్గుతుంది. 32 వారాల లోపు కాన్పు అయ్యేలా ఉంటే మెగ్నీషియం సల్ఫేట్ 4 గ్రాములు నరంలోకి నెమ్మదిగా ఎక్కించి, తరవాత గంటకి 1 గ్రాము చొప్పున ఇస్తారు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బ వల్ల కాళ్లూ చేతుల కదలికలు అదుపు తప్పడం) ముప్పు తగ్గించేందుకే ఇది. ఇదే డెక్సామెథాసోన్‌ని పుట్టిన తొలి వారంలో బిడ్డకే ఎక్కువ మోతాదులో ఇస్తే సెరిబ్రల్ పాల్సీ పెరుగుతుందని తేలింది. ఒకే మందు ఒక వారం తేడాలో మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది.

## కాన్పు వేళ, తొలి గంటలు

నొప్పులు త్వరగా రావడానికి మా ఊళ్లో ఇంజక్షన్ వేస్తారు. వేయించుకోవచ్చా?

ఇంట్లో గానీ, ఆర్ఎంపీ దగ్గర గానీ వద్దే వద్దు. అది ఆక్సిటోసిన్. గర్భసంచి బిగిసిన ప్రతిసారీ మావికి రక్తం అందడం తగ్గుతుంది, సడలినప్పుడు మళ్లీ అందుతుంది. బిడ్డకి ప్రాణవాయువు అందేది ఆ సడలిన నిమిషంలోనే. 10 నిమిషాల్లో 5 కంటే ఎక్కువ నొప్పులు వస్తే ఆ విరామం చాలదు, బిడ్డ గుండె నెమ్మదిస్తుంది, మెదడుకి ప్రాణవాయువు తగ్గుతుంది. ఆసుపత్రిలో దీన్ని సెలైన్‌లో కలిపి, చుక్కలు లెక్కపెట్టి, బిడ్డ గుండె చప్పుడు వింటూ ఇస్తారు. తేడా వస్తే ఆ క్షణమే ఆపేయొచ్చు. కండలోకి ఒక్కసారిగా పొడిచిన ఇంజక్షన్‌ని వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు.

బిడ్డ పుట్టగానే ఏడవలేదు. మెదడు దెబ్బతిన్నట్టేనా?

అలా అనుకోనక్కర్లేదు. ఏడవని బిడ్డల్లో చాలామంది ఒళ్లు తుడిచి, వీపు రుద్ది, మాస్కుతో గాలి అందిస్తే తేరుకుంటారు. ఆ గాలి అందించడం తొలి నిమిషంలోపే మొదలవ్వాలి. తలకిందులుగా వేలాడదీసి కొట్టడం, చన్నీళ్లు చల్లడం వల్ల ఆ నిమిషం వృథా అవుతుంది.

ఏడవడానికి ఎంతసేపు పట్టిందన్న దాని కంటే, తరవాతి గంటల్లో బిడ్డ ఎలా ఉందన్నదే ముఖ్యం. మెలకువగా ఉందా, చేతులు కాళ్లు ముడుచుకుని ఉన్నాయా, చప్పరిస్తోందా, ఫిట్స్ వచ్చాయా అన్నవి చూస్తారు. 1976 నుంచి వాడుకలో ఉన్న సార్నాట్ పద్ధతిలో దీన్ని స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని మూడు దశలుగా విడదీస్తారు. స్వల్ప దశ పిల్లల్లో ఎక్కువ మంది బాగానే ఎదుగుతారు. బొడ్డు రక్తంలో ఆమ్లం ఎంత ఉందో కూడా చూస్తారు. పీహెచ్ 7.0 లేదా అంతకంటే తక్కువ ఉంటే తీవ్రంగా తీసుకుంటారు.

మెదడు దెబ్బ ఒక్కసారిలో ముగిసేది కాదని తెలుసుకోవాలి. ఊపిరి అందాక కణాలు కాసేపు కోలుకుంటాయి. సుమారు 6 గంటలు దాటాక శక్తి మళ్లీ పడిపోయి రెండో విడత నష్టం మొదలవుతుంది. మధ్యలో ఉన్న ఆ గంటలు విలువైనవి. పెద్దాసుపత్రికి పంపాలంటే అప్పుడే పంపాలి.

ఒళ్లు చల్లబరిచే వైద్యం చేస్తే బాగవుతుందంటున్నారు. చేయించాలా?

36 వారాలు నిండిన బిడ్డకి మధ్యస్థం లేదా తీవ్రమైన దెబ్బ తగిలితే, 6 గంటల్లోపు మొదలుపెట్టి శరీర ఉష్ణోగ్రతని 33 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ మధ్య 72 గంటలు ఉంచుతారు. చల్లని నీళ్లు తిరిగే పరుపు మీద పడుకోబెట్టి, మలద్వారంలో సన్నని ఉష్ణోగ్రత తీగ పెడతారు. ముట్టుకుంటే చల్లగా తగులుతుంది, గుండె నిమిషానికి 100 దగ్గరకి నెమ్మదిస్తుంది. అది చూసి కన్నవాళ్లు హడలిపోతారు గానీ అది అనుకున్నదే. చివర్లో గంటకి అర డిగ్రీ మించకుండా మెల్లగా వేడెక్కిస్తారు. త్వరగా వేడెక్కిస్తే ఫిట్స్ రావొచ్చు.

ధనిక దేశాల్లో ఇది ప్రామాణిక వైద్యం. కానీ భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో 408 మంది బిడ్డలతో చేసిన హెలిక్స్ పరిశోధన 2021లో వెలువడింది. అందులో మేలు కనబడలేదు సరికదా, చల్లబరిచిన వాళ్లలో మరణాలు 42 శాతం, చల్లబరచని వాళ్లలో 31 శాతం ఉన్నాయి. ఇక్కడి బిడ్డల్లో దెబ్బ చాలాముందే మొదలై ఉండటం ఒక కారణం కావచ్చని భావిస్తున్నారు. అందుకే మన డాక్టర్లలో దీని మీద ఏకాభిప్రాయం లేదు. వెంటిలేటర్, నిరంతర పర్యవేక్షణ, అనుభవం ఉన్న చోట, అన్ని షరతులకీ సరిపోయే బిడ్డకి చేస్తామంటే అర్థముంది. ఇంట్లోనో అంబులెన్స్‌లోనో ఐసు గడ్డలు పెట్టడం మాత్రం ప్రాణాంతకం.

వాక్యూమ్ పెట్టి తీశారు. తల మీద వాపు ఉంది. ఏమైనా అవుతుందా?

మాడు మీద మెత్తని వాపు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే భయం లేదు. ఒక పక్కనే గుండ్రని బుడగలా ఉండి, ఎముక అతుకు దాటకపోతే అది వారాల మీద కరుగుతుంది. సూదితో తీయించొద్దు, వేడి కాపడం పెట్టొద్దు. కామెర్లు పెరగొచ్చు కాబట్టి అవి చూసుకోండి. ప్రమాదకరమైనది మూడోది. తలంతా నీళ్ల సంచిలా ఒత్తితే అలలుగా కదులుతూ, చెవుల వెనక్కి, మెడ మీదికి పాకుతూ, బిడ్డ పాలిపోతుంటే అది చర్మం కింద జరిగే రక్తస్రావం. 3 కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం సుమారు 240 మి.లీ. అందులో సగం ఆ వాపులోకే పోగలదు. వెంటనే డాక్టరుని పిలవండి.

## ఎన్‌ఐసీయూలో

బిడ్డ ఉలిక్కిపడుతోందా, ఫిట్సా? ఎలా తెలుస్తుంది?

వణుకుతున్న చేతిని మెల్లగా మీ గుప్పిట్లో పట్టుకోండి. ఆగిపోతే చాలావరకు అది ఉత్తి వణుకు. పట్టుకున్నా మీ వేళ్ల కింద లయగా కొట్టుకుంటూనే ఉంటే ఫిట్స్ అని అనుమానించాలి. పసిబిడ్డల్లో ఫిట్స్ పెద్దవాళ్లలో లాగా ఒళ్లంతా కొట్టుకోవడంగా రావు. కళ్లు ఒక పక్కకి నిలిచిపోవడం, ఏమీ లేకుండానే చప్పరించడం, సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడించడం, ఊపిరి ఆగి నీలంగా మారడం, ఇలా ఉంటాయి. కొన్నింటికి పైకి ఏ గుర్తూ ఉండదు, ఈఈజీలోనే (మెదడు విద్యుత్ తరంగాల పరీక్షలోనే) దొరుకుతాయి. ఫోన్‌లో వీడియో తీసి చూపించండి, డాక్టరుకి అది చాలా ఉపయోగం. వణుకైనా ఫిట్సయినా ముందు చక్కెర చూడాలి.

ఫినోబార్బిటాల్ మెదడు కణాల్ని చంపుతుందని చదివాం. మా బాబుకి అదే ఇస్తున్నారు!

మీరు చదివింది అబద్ధం కాదు. ఫినోబార్బిటాల్, ఫెనిటోయిన్, డైజిపామ్, వాల్‌ప్రోయేట్ ఇచ్చిన ఎలుక పిల్లల మెదడులో కణాలు ఎక్కువగా చనిపోయాయని 2002లో తేలింది. ఎదిగే మెదడులో ప్రతి కణం పక్క కణాల నుంచి సంకేతాలు అందుకుంటేనే బతుకుతుంది. మందు ఆ సంకేతాల్ని మరీ అణిచేస్తే కణం తనంతట తానే చనిపోతుంది.

అయినా ఇదే మొదటి మందుగా ఎందుకిస్తారంటే, ఆగని ఫిట్స్ చేసే హాని కళ్లెదుట కనబడేది. 2020లో వెలువడిన ఒక పోలికలో 24 గంటలు ఫిట్స్ లేకుండా ఉన్నవాళ్లు ఫినోబార్బిటాల్‌తో 80 శాతం, లెవెటిరాసెటామ్‌తో 28 శాతం. మోతాదు కిలోకి 20 మి.గ్రా., అంటే 3 కిలోల బిడ్డకి 60 మి.గ్రా., సుమారు 20 నిమిషాల్లో నెమ్మదిగా ఎక్కిస్తారు. త్వరగా ఎక్కిస్తే ఊపిరి ఆగొచ్చు, బీపీ పడిపోవచ్చు. ఒక చిక్కు కూడా ఉంది. పెద్దల మెదడులో బ్రేకులా పనిచేసే గాబా అనే రసాయనం పసిమెదడులోని చాలా కణాల్ని ఉల్టా రెచ్చగొడుతుంది. అందుకే మందు వేశాక చేతులు కొట్టుకోవడం ఆగినా, లోపల ఫిట్స్ నడుస్తూ ఉండొచ్చు. ఈఈజీ ఉన్న చోటికి పంపిస్తామంటే ఒప్పుకోండి.

మీరు అడగాల్సిన ప్రశ్న "ఎందుకిస్తున్నారు" అని కాదు, "ఎప్పుడు ఆపుతారు" అని. ఊపిరాడకపోవడం, చక్కెర తగ్గడం లాంటి తాత్కాలిక కారణంతో వచ్చిన ఫిట్స్ ఆగిపోతే, చాలామందికి ఇంటికి వెళ్లేలోపే మందు ఆపొచ్చన్నది 2023 నాటి అంతర్జాతీయ సిఫారసు.

బాబుకి హెర్నియా ఆపరేషన్ చేయాలన్నారు. మత్తు ఇస్తే తెలివి తగ్గుతుందా?

ఒక్కసారి, గంటలోపు మత్తుకి ఆ భయం అక్కర్లేదు. 722 మంది పసిబిడ్డలతో చేసిన గ్యాస్ అనే పేరున్న పరిశోధనలో హెర్నియా ఆపరేషన్‌కి కొందరికి పూర్తి మత్తు, కొందరికి నడుములో మత్తు ఇచ్చారు. 5 ఏళ్లకి తెలివితేటల్లో తేడా లేదని 2019లో తేలింది. 3 ఏళ్ల లోపు పిల్లలకి 3 గంటలు మించిన మత్తు లేదా పదే పదే మత్తు విషయంలోనే అమెరికా ఔషధ సంస్థ 2016లో హెచ్చరించింది. ఆగగలిగిన ఆపరేషన్ అయితే ఆగొచ్చా అని అడగండి. చిక్కుకుపోయిన హెర్నియా మాత్రం ఆగదు.

ఏడో నెలలో పుట్టిన పాపకి "బ్రెయిన్‌లో బ్లీడింగ్, గ్రేడ్ 2" అన్నారు. నడుస్తుందా?

ఎక్కువ మంది నడుస్తారు. 32 వారాల లోపు బిడ్డల మెదడులో నీటి గదుల అంచున కొత్త కణాలు పుట్టే పొర ఒకటి ఉంటుంది. దాని రక్తనాళాలు చాలా పల్చన. బీపీ ఎగుడుదిగుళ్లకి అవి చిట్లుతాయి, ఎక్కువ భాగం తొలి 3 రోజుల్లోనే. గ్రేడ్ 1, 2 తేలికవి. 3లో గది ఉబ్బుతుంది, 4లో మెదడు కణజాలంలోకే దెబ్బ పాకుతుంది. గ్రేడ్ ఎంతైనా తల కొలత వారం వారం చూడాలి, ఎందుకంటే నీరు చేరడం ఆలస్యంగా మొదలవుతుంది. ఇంకో దెబ్బ, తెల్ల పదార్థంలో చిన్న గుంతలు పడటం, స్కానింగ్‌లో 3, 4 వారాలకి గానీ కనబడదు. అందుకే మొదటి స్కాన్ బాగుందని చివరి స్కాన్ మానేయకండి.

అంత చిన్న పాపకి కెఫీన్ ఇస్తున్నారట, కాఫీలో ఉండేదేగా?

అదే. నెలలు నిండని బిడ్డ ఊపిరి మరిచిపోకుండా చేస్తుంది. మొదటి మోతాదు కెఫీన్ సిట్రేట్ కిలోకి 20 మి.గ్రా., తరవాత రోజుకి 5 నుంచి 10. సెరిబ్రల్ పాల్సీని తగ్గించినట్టు తేలిన అతి కొద్ది మందుల్లో ఇదొకటి.

చక్కెర తగ్గిందని గంటగంటకీ కాలికి గుచ్చుతున్నారు. అంత అవసరమా?

అవసరమే. మెదడుకి ఇంధనం అదే. బరువు తక్కువ బిడ్డలు, నెలలు నిండని వాళ్లు, షుగరున్న తల్లుల బిడ్డలు ఏ గుర్తూ లేకుండానే 45 మి.గ్రా. కిందికి పడిపోతారు. ఎక్కువసేపు అలా ఉంటే తల వెనక భాగం, అంటే చూపుని చూసుకునే భాగం దెబ్బతింటుంది, తరవాత ఫిట్స్ వస్తాయి. తొలి గంటలోనే ముర్రుపాలు పట్టడం దీనికి మంచి నివారణ.

## ఇంటికి వచ్చాక

కామెర్లకి పొద్దుటెండలో పెడితే చాలదా? పసరు వేయించొచ్చా?

చాలదు. వైద్యంలో వాడే నీలి వెలుతురు లెక్కగట్టిన తీవ్రతతో ఒళ్లంతా పడుతుంది. ఎండలో ఆ లెక్క ఉండదు, పైగా ఒళ్లు వేడెక్కుతుంది. పసుపు అరికాళ్ల దాకా దిగినా, బిడ్డ మగతగా ఉన్నా, ఏడుపు సన్నగా కీచుమన్నా, మెడ వెనక్కి విల్లులా వంగినా అదే గంటలో ఆసుపత్రిలో ఉండాలి. కామెర్లలో పెరిగే పసుపు పదార్థం బిలిరుబిన్ మెదడులో చేరితే చెవుడు, మెలికలు తిరిగే కదలికలు జీవితాంతం ఉండిపోతాయి. పసరు పోయడం, వాతలు పెట్టడం వల్ల గంటలు పోతాయి, పుండ్లు మిగులుతాయి. ట్రంకు పెట్టెలో కలరా ఉండలతో దాచిన పాత బట్టలు బిడ్డకి చుట్టొద్దు. జీ6పీడీ (ఎర్రకణాల్ని కాపాడే ఎంజైము) లోపమున్న బిడ్డలో ఆ నాఫ్తలీన్ వాసనకే ఎర్రకణాలు పగిలి కామెర్లు ఒక్కరోజులో ఎగబాకుతాయి.

విటమిన్ కె ఇంజక్షన్ వేయించలేదు. ఇప్పుడేమైనా అవుతుందా?

2 నుంచి 12 వారాల మధ్య, తల్లిపాలు మాత్రమే తాగే ఆరోగ్యమైన బిడ్డలో ఉన్నట్టుండి మెదడులో రక్తస్రావం కావొచ్చు. బొడ్డు దగ్గర, ముక్కులో చిన్నగా రక్తం కనబడటం ముందస్తు హెచ్చరిక. పుట్టినప్పుడు తొడకి వేసే ఒక్క 1 మి.గ్రా. ఇంజక్షన్ దీన్ని దాదాపుగా ఆపేస్తుంది. వేశారో లేదో డిశ్చార్జి కాగితంలో చూడండి. లేకపోతే ఈరోజే వెళ్లి వేయించండి.

వస, కర్పూరం, గ్రైప్ వాటర్, కడుపునొప్పి చుక్కలు. ఇవన్నీ మా ఇంట్లో మామూలే. మానాలా?

మానండి. వసపిట్టలా మాట్లాడాలని వస కొమ్ముని సాన మీద తల్లిపాలతో అరగదీసి నాకిస్తారు. అందులోని బీటా-అసరోన్ ఆగని వాంతులు తెప్పిస్తుంది. మాటలకి దానికీ సంబంధం లేదు. జలుబని ఛాతీకి రాసే కర్పూరం నూనె ఇంకా ప్రమాదం. కర్పూరం చర్మం నుంచీ, ముక్కు నుంచీ ఒంట్లోకి పోయి ఫిట్స్ తెప్పిస్తుంది. డైసైక్లోమిన్ ఉన్న చుక్కలు 6 నెలల లోపు పిల్లలకి నిషిద్ధం, ఊపిరి ఆగిన సందర్భాలున్నాయి. సీసా మీద పేరు కాదు, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు సిరప్ 4 ఏళ్ల లోపు పిల్లలకి వాడొద్దని మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లో చెప్పింది.

సిజేరియన్ నొప్పికి నేను మాత్ర వేసుకుంటే పాల ద్వారా బిడ్డకి మత్తు వస్తుందా?

పారాసెటమాల్, ఇబుప్రోఫెన్‌తో రాదు. కోడీన్, ట్రమడాల్ వద్దు. కొందరు తల్లుల ఒంట్లో ఇవి చాలా వేగంగా బలమైన రూపంలోకి మారి పాలలో ఎక్కువగా చేరతాయి. బిడ్డ లేపినా లేవకుండా, పాలు పట్టకుండా, ఊపిరి నెమ్మదిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఫిట్స్ సిరప్ రాసి పంపారు. ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

మిల్లీగ్రాములకీ మిల్లీలీటర్లకీ మధ్య. 5 మి.లీ.లో 20 మి.గ్రా. ఉన్న ఫినోబార్బిటాల్ సిరప్‌తో 12 మి.గ్రా. ఇవ్వాలంటే 3 మి.లీ. పోయాలి, 12 కాదు. షాపువాళ్లు వేరే కంపెనీ సీసా ఇస్తే బలం మారి ఉండొచ్చు. చెంచాతో కాకుండా సూది లేని సిరంజితో కొలవండి. వాంతయితే మళ్లీ ఇవ్వాలా అన్నది ముందే అడిగి రాసుకోండి. సీసా అయిపోయిందని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి.

## నెలలు గడిచేకొద్దీ

మా బిడ్డ బాగుంటుందో లేదో ఎప్పటికి తెలుస్తుంది?

ఊపిరాడని బిడ్డకి తొలి వారంలో తీసే ఎంఆర్ఐ కొంత చెబుతుంది. 3 నుంచి 4 నెలల మధ్య బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి, బొమ్మలేవీ చూపించకుండా కాసేపు వీడియో తీయండి. మెడ, మణికట్టు, చీలమండల్లో అన్ని దిక్కులకీ సన్నగా, ఆగకుండా అల్లాడే కదలికలు ఉంటే అది చాలా మంచి సూచన. అవి లేకపోతే వెంటనే ఫిజియోథెరపీ మొదలుపెట్టాలి, జబ్బు పేరు తేలేదాకా ఆగొద్దు. 4 నెలలకి మెడ నిలపకపోవడం, 3 నెలలు దాటినా బొటనవేలు లోపలికి ముడిచిన పిడికిలి, ఏడాదిలోపే ఒకే చేయి వాడటం కనబడితే చూపించండి. నెలలు నిండక పుట్టిన బిడ్డకి వయసుని పుట్టిన తేదీ నుంచి కాకుండా, నెలలు నిండి కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. చెవుల కోసం బెరా పరీక్ష తప్పదు.

మెదడు టానిక్, స్టెమ్ సెల్స్ అంటున్నారు. అప్పు చేసైనా చేయించాలా?

వద్దు. పిరాసెటామ్, సిటికోలిన్ సిరప్‌లు దెబ్బతిన్న పసిమెదడుని బాగుచేస్తాయనడానికి గట్టి రుజువు లేదు. సెరిబ్రల్ పాల్సీకి డబ్బు తీసుకుని స్టెమ్ సెల్ వైద్యం చేయడాన్ని 2017 జాతీయ మార్గదర్శకాలు ఒప్పుకోవు. పరిశోధనలో భాగంగా అయితే బిడ్డ తరఫువాళ్లు డబ్బు కట్టకూడదు.

థెరపీకి ప్రతి వారం డబ్బు పెట్టలేం. ఎక్కడికి వెళ్లాలి?

జిల్లా కేంద్రాల్లో డీఈఐసీ, అంటే సత్వర చికిత్సా కేంద్రం ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఫిజియోథెరపీ, వినికిడి, మాట, చూపు పరీక్షలు అక్కడ ఉచితం. ఏడాది లోపు జబ్బుపడ్డ బిడ్డకి ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, మందులు, రానుపోను వాహనం కూడా ఉచితమే. ఆశా కార్యకర్తని అడిగితే దారి చూపిస్తారు. వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, స్కాన్ ఫిల్ములు, ఇస్తున్న సిరప్ సీసా, ఫోన్‌లో తీసిన వీడియోలు పట్టుకెళ్లండి. థెరపిస్టు నేర్పినవి ఇంట్లో స్నానం చేయించేటప్పుడు, పాలు పట్టేటప్పుడు, ఎత్తుకునేటప్పుడు రోజూ చేయండి. వారానికి ఒక్క గంట థెరపీతో రానిది ఈ చిన్న చిన్న పనుల్లో వస్తుంది.